ముసలాడికి వెయ్యని సూది

పోయిన వారం మనం వెల్డరును భుజం మీద బరువుతో సహా వీధిలో వదిలి వచ్చాం. ఆ బరువు బొగ్గు, అతని నల్లకుక్క. ఏటేటా వేయించే టీకా వేయించుకుని తన కాళ్ళ మీద తాను నడిచి వెళ్ళిన కుక్క, పొద్దు వాలకముందే శవమై క్లినిక్‌కు తిరిగొచ్చింది. సూది పడ్డాక అరగంట బెంచీ మీద కూర్చుని వెళ్ళాలన్నది అక్కడి నియమం. "షాపులో గేటు పని సగంలో వదిలొచ్చానండీ, వెళ్ళనా?" అని అతను అడిగితే, చేతిలో ఇంకో కుక్క ఉన్న డాక్టరు తలెత్తకుండానే "వెళ్ళు, ఏం కాదులే" అంది. శవాన్ని బల్ల మీద పెట్టినప్పుడు అతను తిడతాడనుకుంది. కొడతాడనుకుంది. అతను ఆమెను ఒకసారి చూశాడు, కుక్కను మళ్ళీ భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

తిట్టినవాడు తిట్టి చల్లబడతాడు. తిట్టకుండా వెళ్ళినవాడు మాత్రం వెళ్ళినట్టు కాదు. వారమంతా డాక్టరు అతని తలపుతోనే అన్నం తింది, ఆ తలపుతోనే మంచమెక్కింది. తలుపు చప్పుడైన ప్రతిసారీ లోపల ఏదో లేచి నిలబడేది. భయమే అనుకుందామంటే అది పూర్తిగా భయం కాదు. ఎప్పుడొస్తాడా అన్న ఎదురుచూపు కూడా అందులో కలిసి ఉంది. శిక్ష ఆలస్యమైన కొద్దీ తప్పు పెరుగుతూ పోతుందని ఆమెకు ఈ వయసులో కొత్తగా తెలిసింది.

వెల్డరుకు తెలియని సంగతి ఒకటి మనకు తెలుసు. డాక్టరుకు సొంత కుక్క ఉంది. దాన్ని అందరూ ముసలాడు అంటారు. చెవులు వినపడవు, ఒక కన్ను తెల్లబడింది, పగలంతా పరీక్ష బల్ల కింద పడి నిద్రపోతుంది. ఆ ముసలాడికి ఏళ్ళ తరబడి టీకా లేదు. వయసులో ఉన్నప్పుడు ఇదే బల్ల మీద సూది వేసిన కాసేపటికే దాని మొహం గుమ్మడికాయలా ఉబ్బింది. వాంతులై కాళ్ళు కూలబడ్డాయి, చిగుళ్ళు కాగితంలా తెల్లబడిపోయాయి. అడ్రినలిన్ ఎక్కించి, ఊపిరి బిగబట్టి, చావు నోట్లోంచి దాన్ని లాక్కొచ్చింది. ఒకసారి అలా వికటించిన కుక్కకు మళ్ళీ అదే మందు వేస్తే ఈసారి బతుకుతుందని చెప్పలేం. అందుకే వెయ్యలేదు. ఏ డాక్టరయినా అదే చేస్తాడు. కాకపోతే ఆ సంగతి తన దగ్గరకొచ్చే మనుషుల్లో ఒక్కరికి కూడా ఆమె చెప్పలేదు. తెలిసింది ఆమెకూ, ముందు గదిలో కౌంటరు దగ్గర కూర్చునే ఆమె తోడికోడలికీ మాత్రమే.

ఆ మధ్యాహ్నం భోజనానికి మూసే వేళయింది. తోడికోడలు దువ్వెనలో చిక్కుకున్న పిల్లిబొచ్చు పీకుతూ నోటికి పని చెబుతోంది.

"అక్కా, చీమ చిటుక్కుమంటే ఉలిక్కిపడుతున్నావు. నీ వాలకం చూసి పొద్దున ఆ పొమరేనియన్ కూడా వణకడం మొదలెట్టింది. కుక్కలకు ధైర్యం చెప్పాల్సిన దానివి, కుక్కలు నీకు చెప్పేలా ఉన్నాయి."

"నోరు మూసుకుని తాళం తియ్యి, పోదాం."

"తాళం వెయ్యడానికి తియ్యాలా, తియ్యడానికి వెయ్యాలా? చూశావా, నీతో ఉండి ఉండి నాకూ..."

షట్టరు గరగరా దిగింది. బయటి నుంచి కాదు, లోపలి నుంచి.

వెల్డరు చొక్కా నిండా నిప్పురవ్వలు కాల్చిన చిల్లులు. చేతిలో అతుకు మీద పేరుకున్న చిట్టెం రాల్చే సుత్తి, ఒక పక్క ఉలిలా, ఒక పక్క మొనలా ఉండేది. షట్టరు అడుగున గడియ పెట్టి నడుం నిటారుగా చేశాడు.

"బయట నలుగురున్నారు. భోజనాల తర్వాత తీస్తారని చెప్పాను. కూర్చున్నారు పాపం, కుక్కల్ని పెట్టుకుని."

"మూసేదీ తీసేదీ మేం చెప్పాలిగానీ, నువ్వెవరయ్యా మధ్యలో?" అంది తోడికోడలు.

సుత్తి కౌంటరు అద్దం మీద పడింది. ఆమె మాటలో మిగతా సగం గాజుపెంకులతో పాటు నేల మీదకు రాలిపోయింది.

పనివాడు పగలగొట్టడం వేరుగా ఉంటుంది. కోపంతో ఊగిపోయేవాడు ఎక్కడ పడితే అక్కడ కొడతాడు. ఇతను అతుకులు చూసి కొట్టాడు. మందుల అలమారకు నాలుగు చోట్ల బిగింపులుంటే, బరువు మోసే ఒక్కదాన్ని కొట్టాడు. అలమార నిలువునా ముందుకు ఒరిగి, సీసాలన్నీ దొర్లించుకుంటూ కూలింది. కుక్కల్ని తూచే కాటాకు కింద ఒక దెబ్బ, దీపం స్టాండు మెడ మీద ఒక దెబ్బ. గదంతా స్పిరిట్ వాసన గుప్పుమంది. వెనక గోడ వెంట ఉన్న బోను దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ బోను అతను చేసిందే. ఊచ అతుకు మీద శక్తి కొద్దీ కొట్టాడు. ఊచ మోగిందే గానీ ఊడలేదు. ఇంకా గట్టిగా కొట్టాడు. ఊడలేదు. తన చేతిపని తన చేతిని ఎదిరించేసరికి అతని గొంతులోంచి జంతువు మూలిగినట్టు ఒక శబ్దం వచ్చింది.

తోడికోడలు ఫోను కోసం చెయ్యి చాపింది. అతను తిరిగి, సుత్తితో కాదు, అరచేత్తో ఆమెను తోశాడు. ఆమె తల గోడకు తగిలింది. కూలబడిపోయింది. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదకు కారింది.

"దాన్ని ముట్టుకోకు!" డాక్టరు అరిచింది. "నా కోసం వచ్చావు, నాతో మాట్లాడు."

"మాట్లాడ్డానికి రాలేదండి." ఇంకా మీరు అనే అంటున్నాడు. ఆ మర్యాదకే ఆమెకు ఒళ్ళు జలదరించింది. "బొగ్గుకి వేసిన మందు ఇంకా ఉందా?"

"ఉంది. చిన్న ఫ్రిజ్‌లో."

"తియ్యండి."

తీసింది. చిన్న సీసాలు రెండు. ఒకదాని అడుగున తెల్లటి పొడి బిళ్ళలా గడ్డకట్టి ఉంటుంది, రెండోదానిలో దాన్ని కరిగించే నీళ్ళు.

అతను వంగి బల్ల కిందకు చూశాడు. ఇంత విధ్వంసంలోనూ ముసలాడు కాళ్ళు చాపుకుని నిద్రపోతోంది. చెవిటితనం దానికి ఆ పూట ఒక దుప్పటి.

"దీనికి వెయ్యండి. నా కళ్ళముందు. ఏం కాదు కదా. వేసి, ఏం కాలేదని చూపించండి. నేను మీ కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళిపోతా. ఈ పగిలినవన్నీ మళ్ళీ నేనే చేసిస్తా."

అడిగింది న్యాయంగానే ఉంది. అందులోనే ఉంది ఉచ్చు. నిన్ననే వేశాను, మళ్ళీ వెయ్యకూడదు అని ఒక్క అబద్ధం ఆడితే చాలు. డాక్టరుకు ఆ మాట నాలుక మీదకు వచ్చింది కూడా. కానీ ఆమె కంటే ముందు గోడవార నుంచి తోడికోడలు ఏడుపు గొంతుతో అరిచేసింది.

"వద్దన్నా, నీకు పుణ్యముంటుంది! దానికి ఆ మందు పడదు! ముందోసారి వేస్తే చావుదాకా వెళ్ళొచ్చింది. అప్పట్నుంచి అక్క దానికి సూదే వెయ్యట్లేదు!"

కుక్కను కాపాడ్డానికి అన్న మాట అది. ప్రేమలోంచి దూకిన మాట. దూకి నేరుగా వెళ్ళి అక్క మెడ మీద పడింది.

వెల్డరు సుత్తి దించాడు. ఎత్తినప్పటి కంటే దించినప్పుడే అతను భయంకరంగా కనిపించాడు.

"పడదా?"

అతను తోడికోడలి మీంచి చూపు తిప్పి డాక్టరు వైపు చూశాడు.

"అయితే నీకు తెలుసన్నమాట." మీరు అనడం పోయింది. "పడకపోతే ఎలా ఉంటుందో నీ ఇంట్లోనే చూశావన్నమాట."

"చూడు నాయనా, ఎన్నో వేల కుక్కల్లో ఒకదానికి అలా అవుతుంది. మిగతావాటిని బతికించేది ఆ సూదే. అది లేకపోతే పేగులు పుండై నెత్తురు విరేచనాలతో చస్తాయి. ఆ చావు నువ్వు చూళ్ళేదు."

"నేను చూసిన చావు నాకు చాల్లే."

"ఏ కుక్కకు పడదో ముందుగా తెలిసే దారి లేదు. బొగ్గుకు అంతకు ముందు ఎన్నిసార్లు వేశాం? ఎప్పుడైనా ఏమన్నా అయిందా?"

"కాలేదు. కాలేదు కాబట్టే నేను నమ్మాను. కానీ నువ్వెందుకు నమ్మావు? అయిందాన్ని బల్ల కింద పెట్టుకుని, నాతో ఏం కాదులే అని ఎలా అన్నావు? తల కూడా ఎత్తలేదు నువ్వు."

ఆమె దగ్గర జవాబుంది. జనాన్ని భయపెట్టకూడదు. భయపడితే టీకాలు మానేస్తారు, మానేస్తే వాడవాడలా కుక్కలు చస్తాయి. ఇంతకాలం ఆ జవాబును ఆమె తెల్లకోటులా తొడుక్కుని తిరిగింది. ఇప్పుడు చూస్తే దాని కింద ఇంకేదో ఉంది. ముసలాడు బల్ల మీద నీలుక్కుపోయిన ఆ పూట తన చేతులు ఎలా వణికాయో ఆమె మరిచిపోదలుచుకుంది. ఏం కాదులే అన్న ప్రతిసారీ అవతలివాళ్ళ కంటే ముందు ఆ మాట తనకే చెప్పుకుంది. ఇతరుల ధైర్యం కోసం అనుకున్నది తన మతిమరుపు కోసం.

"బల్ల మీద పెట్టు దాన్ని."

"ఆ మందు దాన్ని చంపేస్తుంది."

"నా దాన్ని చంపినప్పుడు?"

అతను తనే వంగి ముసలాడిని మెడపట్టి లాగాడు. నిద్రలోంచి లేచిన కుక్క ఎవరో తెలియక తోకాడించింది. దాన్ని బల్ల మీద పడేసి, సుత్తి మొనను దాని తల మీద ఆనించాడు.

"సూదితో బతికే వీలుంటుందేమో. దీంతో అదీ ఉండదు. నీ ఇష్టం."

డాక్టరు సీసాల మూతలు ఊడదీసింది. నీళ్ళు సిరంజిలోకి లాగింది. పొడి ఉన్న సీసాలోకి ఆ నీళ్ళు పంపి, పొడి కరిగేదాకా ఊపి, మళ్ళీ లాగాలి. ఆమె పొడి సీసాను గుప్పిట్లో దాచుకుని సూది లోపలికి గుచ్చినట్టే చేసింది, ఊపినట్టే చేసింది, సిరంజి పైకెత్తి బుడగ తీసింది. అందులో ఉన్నది ఉత్త నీళ్ళు. చేతివేళ్ళు తమంతట తాము చేశాయి ఆ పని. కొంచెం గర్వం కూడా కలిగింది, ఇంత భయంలోనూ చెయ్యి తడబడలేదని.

"గుప్పిట తెరువు."

తెరవలేదు.

"కళ్ళద్దాల వెనక నుంచి నిప్పులో అతుకు పడిందో లేదో చూసేవాణ్ణి నేను. నాతోనా?" ఆమె మణికట్టు పట్టి బల్లకేసి అదిమాడు. గుప్పిట విచ్చుకుంది. సీసా అడుగున తెల్లటి బిళ్ళ, చెక్కుచెదరకుండా.

సుత్తి పడింది.

ముందు చప్పుడు వినిపించింది. పచ్చికొమ్మ విరిగిన చప్పుడు. అది తన ఎడమ చేతి వేళ్ళదని తెలియడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత నొప్పి మోచెయ్యి దాకా, భుజం దాకా, పళ్ళ దాకా వచ్చింది. సీసా పిండయి మాంసంలో దిగింది. తోడికోడలు అరుస్తోంది. ముసలాడు బల్ల మీదే ఒంటికి పోసుకుంది. మళ్ళీ సుత్తి లేస్తోంది.

అప్పుడు ఆమె ఆ మాట అంది. వారం రోజులుగా చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్న మాట.

"బొగ్గు నోట్లో పాలు ఎవరు పోశారు?"

సుత్తి గాల్లో నిలిచిపోయింది.

"నువ్వు దాన్ని తెచ్చి పడుకోబెట్టినప్పుడు నోట్లోంచి, ముక్కులోంచి పాలు కారాయి. నీకు కనిపించకుండా దూదితో నేనే తుడిచాను. మింగలేని కుక్కకు పాలు పోస్తే ఎక్కడికి పోతాయనుకున్నావు? ఊపిరితిత్తుల్లోకి పోతాయి! వాంతి చేసుకున్న వెంటనే ఇక్కడికి తేవాల్సింది. తెచ్చావా? పాలు పోస్తూ కూర్చున్నావు!"

అతని మొహం మీదున్నదంతా ఒక్కసారిగా జారిపోయింది. అది చూసి ఆమెకు సంతోషం కలిగింది. పచ్చిగా, వెచ్చగా, నిజమైన సంతోషం. ఆ రోజు ఆ పాలను తుడిచింది జాలితోనే అనుకుంది ఇన్నాళ్ళూ. జాలి ఇంత పదును పెట్టుకుని ఎదురుచూస్తుందా? సుత్తి అతను తెచ్చుకున్నాడు. ఆమె మాత్రం తన సుత్తిని వారం నుంచి నోట్లో దాచుకుంది.

"పొగనుకున్నాను," అన్నాడతను. ఎవరికో చెబుతున్నట్టు. "జింకు పూత ఉన్న గాల్వనైజ్డ్ పైపు కాలుస్తున్నా. జింకు పొగ పడితే మాకు వాంతులవుతాయి, చలిజ్వరం వస్తుంది. పాలు తాగుతాం. మా మేస్త్రీ నాకు అట్లాగే తాగించేవాడు. వెల్డింగ్ షాపుల్లో అందరం తాగుతాం. అది నా పక్కనే పడుకుంది కదా పొద్దుట్నుంచీ. కక్కుకుంది, కాళ్ళు కూలబడ్డాయి. సూది సంగతే గుర్తు రాలేదు నాకు. ఏం కాదన్నారు కదా. పొగే అనుకున్నా. దవడ పట్టి పోశాను. దగ్గింది. నా చెయ్యి పక్కకు నెట్టింది. తాగరా మొండి వెధవా అని..."

ఆగాడు. గాల్లో ఉన్న సుత్తి కిందకు దిగింది.

"అని తిట్టాను. ఇంకా పోశాను."

పాల వల్ల కాకపోవచ్చు, పాలు పోయకపోయినా పోయేదేమో. ఆ మాట డాక్టరుకు తెలుసు. పైకి అంటే అతనికి కాస్త ఊపిరాడుతుందనీ తెలుసు. కానీ అది నిజమో, ఇంకో 'ఏం కాదులే' లాంటిదో ఆమెకే తేల్చుకోవడం చేతకాలేదు. అనలేదు.

అతను వెనక్కి తిరిగి షట్టరు గడియ తీశాడు. పైకెత్తాడు. ఎండ ఒక్కసారిగా లోపలికొచ్చి గాజుపెంకుల మీద కూలబడింది.

గుమ్మం ముందు మనుషులు గుమిగూడి ఉన్నారు. కేకలు విని బెంచీ మీంచి లేచి వచ్చినట్టున్నారు. గొలుసులు పట్టుకున్న చేతులు బిగిసి ఉన్నాయి. అందరి కళ్ళూ డాక్టరు చేతి మీద, దాని నుంచి బొట్లుబొట్లుగా పడుతున్న నెత్తురు మీద.

"ఏమైందండీ?"

"అలమార పడింది," అంది డాక్టరు. "చెయ్యి దాని కింద పడింది." అతన్ని కాపాడ్డానికే అన్నట్టు ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. కాపాడుకుంటున్నది ఎవర్నో ఆమెకూ తెలుసు.

"అబద్ధం," అన్నాడు వెల్డరు. "నేనే కొట్టాను. పోలీసుల్ని పిలుచుకోండి, ఇక్కడే ఉంటా. ఎందుకు కొట్టానో కూడా వినండి. మీ కుక్కలకు వేసే సూది ఈవిడ తన కుక్కకు వెయ్యదు. వేస్తే చస్తుందని తెలుసు. అడగండి."

"నువ్వు నోరు ముయ్యవయ్యా! దానికి ఒంటికి పడదు కాబట్టి..." తోడికోడలు లేవబోయి మళ్ళీ కూలబడింది.

ఒకతను తన కుక్క గొలుసు చేతికి చుట్టుకుని మాట్లాడకుండా మెట్లు దిగిపోయాడు. అతని వెనక ఇంకో ఇద్దరు. మిగిలింది ఒక్క అమ్మాయి. చేతుల్లో గోధుమరంగు కుక్కపిల్ల. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు.

"నిన్న దీని తోబుట్టువు పోయిందండీ. నెత్తురు కక్కుకుని. వెంటనే దీనికి టీకా వేయించమన్నారు, పరిగెత్తుకొచ్చాను." కుక్కపిల్లను గుండెకు అదుముకుంది. "ఇది మీదైతే వేస్తారా?"

వేస్తాను. అదే నిజం. ఇవాళ నోటి దాకా వచ్చిన మాటలన్నిటిలో నూటికి నూరుపాళ్ళు నిజమైన మాట అదొక్కటే. కానీ బల్ల మీద, ఆమె వెనక, తడిసిన కాళ్ళతో వణుకుతూ ముసలాడు నిలబడి ఉంది. ఆ సాక్షిని పెట్టుకుని ఆ మాట అంటే ఎవరు నమ్ముతారు? డాక్టరు నోరు తెరిచింది. ఆ మాట అనకుండానే తల తిప్పి ముసలాడి వైపు చూసింది.

ఆ అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది.

వెల్డరు చెయ్యి అంతకంటే ముందు కదిలింది. కుక్కపిల్ల మెడతోలు పట్టి ఆమె చేతుల్లోంచి ఎత్తేశాడు. ఆమె కెవ్వుమని మీద పడబోతే మోచేత్తో ఆపి, ఇంకో చేత్తో, సుత్తి ఉన్న చేత్తోనే, షట్టరును కిందకు లాగేశాడు. బయటి నుంచి ఆమె రెండు చేతులతో రేకును బాదుతోంది.

అతని గుప్పిట్లో కుక్కపిల్ల గాల్లో వేలాడుతూ గొంతు చించుకుంటోంది.

"అడిగింది కదా, చెప్పు," అన్నాడతను డాక్టరుతో. "నోటితో వద్దు, సూదితో."